ఐదు జొలోత్నిక్‌ల తరుగు

ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. సాయంత్రం మా కాలనీలో నడకకు వచ్చే అమ్మాయిలు, దాదాపు అందరూ కోడ్ రాసుకునేవాళ్ళే, "ఆంటీ, మీరేం చేసేవారు?" అని అడుగుతారు. "తూచేదాన్ని" అంటాను. నవ్వుతారు. "తూచడానికి మిషన్ ఉంటుంది కదా ఆంటీ, మీరెందుకు?" అని ఒకమ్మాయి అననే అంది. వాదించాలనిపించింది. ఓపిక లేక ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు పుట్టుకతో రాని విద్య, ఈ మధ్యే నేర్చుకుంటున్నాను. కాగితం మీదైతే మధ్యలో ఎవరూ అడ్డురారు కాబట్టి ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

వరంగల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. మొగుడి వీసా మీద న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి, పని చేసుకునే అనుమతి కోసం ఏళ్ళ తరబడి కుక్కర్ కూతలు వింటూ కూర్చున్నాను. అనుమతి వచ్చేసరికి నా డిగ్రీకి బూజు పట్టింది. ఓక్ ట్రీ రోడ్డుకి కాస్త అవతల, నగలకీ వెండి సామానుకీ ఇన్సూరెన్స్ కోసం విలువ కట్టిచ్చే చిన్న కంపెనీ ఒకటుండేది. మనవాళ్ళు హారాలు తెచ్చి తులాల్లో మాట్లాడుతుంటే ఆ కంపెనీ యజమానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఒక తులం ఎన్ని గ్రాములు?"

"ఎవరి తులం?" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. మా అమ్మమ్మ తులం పదకొండున్నర గ్రాములు దాటుతుందనీ, ఇప్పటి షాపువాడి తులం సరిగ్గా పదనీ, ఈ రెండిటి మధ్య ఎన్ని పెళ్ళిళ్ళలో వియ్యంకులు మాటలు మానేశారో చెప్పుకుంటూ పోయాను. ఆ ఎదురు ప్రశ్నకే ఉద్యోగం ఇచ్చానని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. ఆ మాటకొస్తే ఎదురు ప్రశ్నకి జీతం దొరికిన చోటు నా జీవితంలో అదొక్కటే.

నా పక్క బల్ల దగ్గర ఒడెస్సా నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. పాత రష్యన్ వెండి చూడటం ఆయన పని. న్యూజెర్సీలో ముందెప్పుడో వచ్చి స్థిరపడ్డ రష్యన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ చెంచాలూ ఉప్పు గిన్నెలూ మా దగ్గరికి వచ్చేవి. వాటి అడుగున 84 అని ముద్ర ఉండేది. నూటికి ఎనభై నాలుగు పాళ్ళు వెండి అనుకున్నాను. పెద్దాయన తల పట్టుకున్నాడు. "నూటికి కాదమ్మా, తొంభై ఆరుకి!" జారు చక్రవర్తుల కాలంలో బంగారాన్నీ వెండినీ జొలోత్నిక్‌లలో తూచేవారట. నాలుగు గ్రాముల మీద కొంచెం. తొంభై ఆరు జొలోత్నిక్‌లు ఒక ఫుంట్. ఒక జొలోత్నిక్‌లో మళ్ళీ తొంభై ఆరు దోల్యాలు. దోల్యా అంటే మన గురిగింజలో మూడో వంతు బరువు.

"మాకూ అంతే," అన్నాను గొప్పగా. "తులానికి పన్నెండు మాసాలు, మాసానికి ఎనిమిది గురిగింజలు. గుణించి చూడండి."

ఆయన గుణించి చూశాడు. తొంభై ఆరు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నా పెరుగన్నంలో ఒక గరిటె ఆయనకి పోయేది. రష్యన్ కంసాలులు వస్తువు అడుగున దాని బరువు సూదితో గీసేవారని చెప్పి, ఆ గీతను ఎలా చదవాలో కూడా ఆయనే నేర్పాడు. ఆయన రిటైరై వెళ్ళాక రష్యన్ వెండి అంతా నా బల్ల మీదికి వచ్చింది. జీతం మాత్రం రాలేదు.

ఇక అసలు సంగతి. కంపెనీకి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. అంతకుముందు నేను తూచి, పాత గీతతో పోల్చి, తేడా ఉంటే ఎందుకో నేనే రాసేదాన్ని. కొత్త పద్ధతిలో నేను గ్రాములు మాత్రమే కొట్టాలి. గీసిన బరువును యజమాని ఫొటోలో చూసి ఎక్కిస్తాడు. పోల్చడం సిస్టమ్ పని. రిపోర్టు నా కళ్ళ పడకుండానే సంతకమై పోతుంది. "నీకు పని తగ్గింది కదా," అన్నాడాయన. పని తగ్గించడానికి వచ్చినవాళ్ళు ముందు మన కళ్ళు మూస్తారని అప్పుడే అన్నాను. నేను ఏదో ఒకటి అంటూనే ఉంటానని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజుల్లోనే ఒక రష్యన్ చర్చి నుంచి తీర్థపు గిన్నె వచ్చింది. నీళ్ళు మంత్రించే పెద్ద వెండి గిన్నె. కింద పాదం, ఇరువైపులా పిడులు, చుట్టూ గుండ్రటి బిళ్ళల్లో సాధువుల ముఖాలు. ఇన్సూరెన్స్ కోసం విలువ కట్టమన్నారు. తూచాను. పదహారు వందల అరవై ఎనిమిది గ్రాములు. ముఖాల ముక్కులు బాగా అరిగిపోయి ఉన్నాయని గమనించాను. గ్రాములు కొట్టాను. గిన్నె వెళ్ళిపోయింది.

తర్వాతి వారం ఒక ముసలావిడ వచ్చింది. ఎనభై ఏళ్ళు దాటి ఉంటాయి. తలకి పూల రుమాలు, చేతిలో బట్టసంచి. రెండు బస్సులు మారి వచ్చిందట. కౌంటర్ ముందు నిలబడి, "నా గిన్నెను తూచింది ఎవరు?" అంది. ఆమె ఇంగ్లిషుకీ నా ఇంగ్లిషుకీ పుట్టిల్లు వేరు కానీ, ఇద్దరం గొంతు పెంచేవాళ్ళమే కాబట్టి బాగానే అర్థమైంది.

"నేనే. ఏమైంది?"

"నేను దొంగనని రాశావు."

ఎప్పటి నుంచో ఆ చర్చి వెండి సామాను బీరువా తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. మా రిపోర్టులో ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది: వస్తువు మీద గీసిన బరువు కంటే దాదాపు రెండు వందల గ్రాములు తక్కువ, భాగాలు మార్చి ఉండవచ్చు. ఎప్పుడో ఒక పిడి విరిగితే ఆమే తీసుకెళ్ళి అతికించి తెచ్చింది. కమిటీకి ఆ సంగతి గుర్తొచ్చింది. బరువైన పిడులు తీయించి తేలికవి పెట్టించిందని లెక్క కట్టారు. ఆదివారం ప్రార్థన అయ్యాక మీటింగ్. తాళాలు తీసుకుంటారు. పోలీసులకి చెప్పాలా వద్దా అన్నది కూడా అక్కడే తేలుస్తారు.

"ఆ గిన్నెను నేను ఎన్నేళ్ళ నుంచి ఎత్తుతున్నానో తెలుసా? నా చేతికి తెలుసు. అది తేలిక కాలేదు."

"అమ్మా, చెయ్యి తక్కెడ కాదు," అన్నాను. అలసటలో కాస్త కటువుగానే వచ్చింది.

"నీ తక్కెడ మనిషి కాదు," అంది ఆమె వెంటనే.

జవాబు బాగుంది. నాకు నచ్చింది. కుర్చీ చూపించాను. ఆమె కూర్చుని సంచిలోంచి ఒక రేకు డబ్బా, ఒక ఫ్లానెల్ గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. డబ్బాలో తెల్ల సుద్దపొడి. "చూడు. ప్రతి శనివారం దీంతోనే తోముతాను. నా తర్వాత వచ్చేవాళ్ళు ఇలా తోముతారా? దొంగ అయితే ఇలా తోముతుందా?"

గుడ్డ నల్లగా, కాటుకలా ఉంది. నేను దానివైపు చూసి, రిపోర్టు తెరిచాను. ఆ నలుపు సంగతి తర్వాత చెప్తాను.

గీత ఫొటో స్పష్టంగానే ఉంది. నాలుగు ఫుంట్‌లు, పన్నెండు జొలోత్నిక్‌లు. పక్కన సిస్టమ్ వేసిన లెక్క చూశాను. జొలోత్నిక్‌లను సరిగ్గానే మార్చింది. ఫుంట్ దగ్గర మాత్రం అమెరికన్ పౌండ్ వేసింది. నాలుగు వందల యాభై మూడు గ్రాముల పౌండ్, మనం కూరగాయల షాపులో వంకాయలు కొనే పౌండ్! రష్యన్ ఫుంట్ నాలుగు వందల పది కూడా ఉండదు. ఆ గిన్నెలో ఎన్నడూ లేని వెండిని అమెరికన్ పౌండు పుట్టించి, దాన్ని ఈ ముసలావిడ దొంగిలించిందని రాసింది.

సాఫ్ట్‌వేర్ రాసిన కాంట్రాక్టర్ టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. గుంటూరు మనిషి, నలభై దాటినవాడు, మర్యాదస్తుడు. ఫోన్ చేశాను.

"ఏందయ్యా, ఫుంట్‌ను పౌండ్ ఎందుకు చేసినవ్?"

"నమస్తే మేడమ్. ఫుంట్ అంటే పౌండే కదండీ? డిక్షనరీలో చూసే మ్యాప్ చేశాను. యూఏటీ టెస్టింగ్‌లో మీ సార్ చూసి సైన్ ఆఫ్ కూడా ఇచ్చారు."

"మీ అమ్మగారి తులం, షాపాయన తులం ఒకటేనా?"

"కాదండీ. మా చెల్లి పెళ్ళిలో దాని మీదే పెద్ద గొడవైంది. మా మామయ్య ఇప్పటికీ మా ఇంటికి రాడు."

"మరి?"

"అర్థమైందండీ. అర్థమైంది. కానీ అది ప్రొడక్షన్‌లో ఉంది మేడమ్. మీరు టికెట్ రెయిజ్ చేయండి, నేను నెక్స్ట్ స్ప్రింట్‌లో సరిచేసి..."

"ఆదివారం ఒక ముసలామె చేతిల నుంచి తాళాలు గుంజుకుంటరు. నీ స్ప్రింట్ ఎప్పుడు?"

"ఎక్కడ మేడమ్? ఏ తాళాలు?" అన్నాడు. అంతా చెప్పాను. ఆ సాయంత్రమే తప్పు ఎక్కడ జరిగిందో వివరంగా రాసి, తన పేరు పెట్టి, మా యజమానికి మెయిల్ పంపాడు. కాంట్రాక్టు పోతే వీసా సంగతేమిటని నేను అడగలేదు. అతనూ అనలేదు. చేతకానివాడు అనుకున్నాను, కానీ అలాంటి మెయిల్ రాసే ధైర్యం మా ఆఫీసులో ఇంకెవరిలోనూ చూడలేదు.

యజమాని చెడ్డవాడు కాదు. భయస్థుడు. సంతకం చేసిన రిపోర్టు వెనక్కి తీసుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు పాతవన్నీ తిరగదోడతారని ఆయన బాధ. "సవరణ పత్రం ఇస్తాను. తపాలాలో వెళ్తుంది," అన్నాడు.

"తపాలా వెళ్ళేసరికి ఆమె పరువు వెళ్తుంది."

"అయితే నువ్వే తీసుకెళ్ళు. నీ సొంత టైమ్‌లో."

ఆయన ధైర్యం అంతవరకే. నాది కూడా అంతవరకేనేమో, ఎందుకంటే ఆదివారం కార్లో కూర్చున్నాక చిన్న తక్కెడ పక్క సీట్లో పెట్టుకుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. కారణం ఉంది. లెక్క నేను సరిగ్గా వేశాను. అసలు ఫుంట్‌తో మారిస్తే గిన్నె పదహారు వందల ఎనభై తొమ్మిది గ్రాములు ఉండాలి. ఉన్నది పదహారు వందల అరవై ఎనిమిది. రెండు వందల తక్కువ మాయమైంది కానీ, ఇరవై ఒక్క గ్రాముల తక్కువ మిగిలింది. సరిగ్గా ఐదు జొలోత్నిక్‌లు. మన షాపు లెక్కలో రెండు తులాల పైచిలుకు వెండి. అది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. నల్లటి ఆ గుడ్డ చూసిన క్షణం నుంచీ తెలుసు.

చర్చి వెనక హాల్లో పొడుగాటి బల్ల, టీ, ఏదో తీపి రొట్టె. గిన్నె బల్ల మధ్యలో ఉంది. కమిటీ అధ్యక్షుడు ఇక్కడే పుట్టి పెరిగిన రష్యన్, రిటైరైన ఇంజనీరు, నీటుగా దువ్విన తెల్ల జుట్టు. ముసలావిడ బల్ల చివర కూర్చుంది. తాళాల గుత్తి అప్పటికే ఆయన ముందుంది.

నేను సవరణ పత్రం చదివాను. ఫుంట్ అంటే ఏమిటో, పౌండ్ ఎలా దూరిందో చెప్పాను. గిన్నెను అందరి ముందూ తూచి చూపించాను. కొందరు తలలు ఊపారు. ఒకావిడ ముసలావిడ భుజం మీద చెయ్యి వేసింది. అక్కడితో ఆగిపోతే బాగుండేది.

కానీ అధ్యక్షుడు ఇంజనీరు కదా. కాగితం మీద తీసివేత చేశాడు. "ఇరవై ఒక్క గ్రాములు ఇంకా తక్కువ ఉంది."

"ఉంది."

"చిన్నదైనా తక్కువ తక్కువే. ఇదెక్కడికి పోయింది?"

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నా జన్మలో నేను బంగారం కొట్లో కంసాలితో తరుగు గురించి పోట్లాడని పండగ లేదు. కరిగిస్తే తరుగు, అరగదీస్తే తరుగు, మెరుగు పెడితే తరుగు అని వాడు అంటాడు. తరుగంటే నీ జేబులోకి పోయేదేగా అని నేనంటాను. మా అమ్మా అలాగే అనేది, అమ్మమ్మా అలాగే అనేది. మూడు తరాల ఆడవాళ్ళం తరుగును నమ్మలేదు. అలాంటి నేను న్యూజెర్సీలో ఒక చర్చి హాల్లో నిలబడి, తరుగనేది నిజంగా ఉంటుందని ఒక ఇంజనీరును ఒప్పించాల్సి వచ్చింది. మా ఊరి కంసాలి చూసి ఉంటే దుకాణం మూసేసి నవ్వేవాడు.

"అరిగింది," అన్నాను.

"వెండి అలా అరుగుతుందా?"

"ఈ ముఖాలు చూడండి. ఈయనకి ముక్కు లేదు. ఈయనకి గడ్డం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. చెక్కినప్పుడు ఇలా చెక్కరు కదా."

"వంద సంవత్సరాలకు పైగా ముద్దు పెట్టుకుంటున్నారు జనం," అన్నాడొకాయన.

నాకు మంచి దారి దొరికింది. పెదవులే అరగదీశాయని చెప్పి కూర్చోవచ్చు. కానీ అధ్యక్షుడు వదలలేదు. "పెదవులు తగిలేది ముఖాలకే. పాదం అంచు కూడా అరిగింది. పాదానికి ఎవరు ముద్దు పెట్టుకుంటారు?" ఆయన కళ్ళు మళ్ళీ బల్ల చివరికి వెళ్ళాయి. హాలంతా అటే చూసింది.

దొంగతనం పేరు పూర్తిగా పోవాలంటే ఒకటే మాట ఉంది. ఆ మాట ఆమెకు దొంగ అనడం కంటే కష్టంగా ఉంటుందని నాకు అనిపించింది.

"సుద్దపొడి," అన్నాను. "సుద్దతో గట్టిగా తోమితే ప్రతిసారీ కంటికి కనపడనంత వెండి గుడ్డకి వస్తుంది. దోల్యాలో కొంత. గుడ్డ నల్లబడుతుందే, ఆ నలుపులో చిలుము కొంత, వెండి కొంత. ఈమెకి ముందు ఎవరు తోమారో నాకు తెలియదు. వాళ్ళూ తోమే ఉంటారు. ఎవరూ తీసుకోలేదు. శుభ్రం చేశారు. అంతే."

ముసలావిడ తన చేతులకేసి చూసుకుంది. వేళ్ళ ముడతల్లో ఆ నలుపు ఇంకా ఉంది, ఎంత కడిగినా పోని నలుపు. మా అత్తగారి వేళ్ళకీ ఉండేది, శుక్రవారం శుక్రవారం వెండి కుందులు విభూతితో తోమి తోమి. ఆ కుందులు ఇప్పుడు నా దగ్గరున్నాయి. వాటి మీద లతలుండేవట. నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మాయీ," అంది ముసలావిడ చివరికి. ఏభై దాటిన నన్ను అలా పిలిచేవాళ్ళు అప్పటికే ఎవరూ లేరు. "అంటే అది గుడ్డలో ఉందా?"

"ఉంది."

"మొత్తమా?"

"చాలావరకు."

ఆమె తలెత్తింది. అధ్యక్షుడి వైపు తిరిగి రష్యన్లో గబగబా ఏదో అడిగింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఇంగ్లిషులో చెప్పమని ఆమే గదిమింది.

"తీర్థం తగిలిన గుడ్డను చెత్తలో వేయకూడదు," అన్నాడాయన నెమ్మదిగా. "మా ఆచారం అది. కాల్చి, ఆ బూడిదను చర్చి స్థలంలోనే ఎవరూ తొక్కని చోట పూడ్చాలి."

"పూడ్చానా లేదా?"

"పూడ్చారు."

"నువ్వు చిన్నప్పుడు గుంట తవ్వి పెట్టావా లేదా?"

ఆయన తాళాల గుత్తిని బల్ల మీద ఆమె వైపు జరిపాడు. క్షమించమని అనలేదు, అనే రకం కాదు. ఆమె కూడా వెంటనే తీసుకోలేదు. ముందు టీ మొత్తం తాగింది. తర్వాత నన్నడిగింది, "మరి ఇక దేంతో తోమాలి?"

"గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ. సుద్ద వద్దు. గట్టిగా రుద్దొద్దు."

"మెరవదు."

"మెరవదు."

"మీ దేవుడి సామాను నువ్వు అలాగే కడుగుతావా?"

లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

నేను తక్కెడ సర్దుకుని బయల్దేరుతుంటే ఆమె తాళాలు సంచిలో వేసుకుని నా వెంట వచ్చింది. కారు దాకా సాగనంపడానికి అనుకున్నాను. కాదు. నా చెయ్యి పట్టుకుని చర్చి వెనక్కి తీసుకెళ్ళింది. గోడ పక్కన ఊదారంగు పూల పొద ఉంది. దాని కింద గడ్డి మిగతా గడ్డిలాగే ఉంది. ఆమె ఆ గడ్డిని చూసింది, తర్వాత నా చేతిలోని తక్కెడను చూసింది.

"నీ ఐదు జొలోత్నిక్‌లు ఇక్కడున్నాయి," అంది. "తూచుకో."